తొలి వైద్యురాళ్ళు – మన సచ్చరిత్రలు

మన పత్రికలలో స్త్రీల జీవితచరిత్రలకు ఎప్పుడూ లోటు లేదు. ఉగాది సంచికలో ఒకటి, మార్చి నెలలో మహిళా దినోత్సవం పేరిట మరొకటి తప్పక కనబడతాయి. వాటిలో వైద్యురాళ్ళను గురించిన వ్యాసాలు మరీ ఎక్కువ. నాలుగైదింటిని వరుసగా చదివిన వారికి అవన్నీ ఒకే అచ్చులో పోసినవని తెలిసిపోతుంది. పుట్టిన ఊరు, చిన్ననాటి పెళ్ళి, ఊరివారి ఆక్షేపణ, ఓడ ప్రయాణం, పరీక్ష, పట్టా, ఆ పట్టాకు ముందు 'మొట్టమొదటి' అనే విశేషణం. అక్కడితో వ్యాసం సమాప్తం. డాక్టరమ్మ రోగి చెయ్యి పట్టుకొని నాడి చూడబోయే సమయానికి రచయిత కలం కింద పెట్టేస్తాడు. ఈ అలవాటును గురించే నాలుగు మాటలు వ్రాయదలచాను.

తెలుగులో ఈ అచ్చుకు మూలం వెతికితే భండారు అచ్చమాంబగారి (1874–1905) 'అబలా సచ్చరిత్ర రత్నమాల' దగ్గరకు వెళ్ళవలసి వస్తుంది. స్త్రీలు అబలలు, బుద్ధిహీనులు, చదువుకు తగరు అని పెద్దమనుషులే వాదించే కాలం అది. ఆ వాదాన్ని ఆమె పేర్లతో ఎదుర్కొన్నారు. ఇదిగో ఈమె ఉంది, ఇదిగో ఇంకొకామె ఉంది అంటూ కోర్టులో సాక్షులను ప్రవేశపెట్టినట్టు ఒకరి తరువాత ఒకరిని నిలబెట్టారు. ఆనాటి అవసరానికి అది తగిన పద్ధతే. ఆ గ్రంథానికి నమస్కరించే నేనీ మాట అంటున్నాను. కాని ఆ వ్యాజ్యం గెలిచి చాలా కాలమైంది. నేనిప్పుడు నివసిస్తున్న ఈ అల్ఫారెట్టాలో తెలుగు కుటుంబాలు వేలకొద్దీ ఉన్నాయి, వారిలో వైద్యురాళ్ళకు కొదువ లేదు. ఆడపిల్ల డాక్టరు కాగలదా అని ఇక్కడ ఎవరూ అడగరు, మన మారిషస్‌లోనూ అడగరు. అయినా మనం ఆ సాక్షులనే పిలుస్తున్నాము, ఆ పేర్లే చదివిస్తున్నాము.

అందరికంటే ఎక్కువగా పిలవబడే సాక్షి ఆనందీబాయి జోషి. 1865లో కల్యాణ్‌లో పుట్టింది. పధ్నాలుగేళ్ళకు బిడ్డను కని, ఆ బిడ్డను కొద్దిరోజులకే పోగొట్టుకుంది. 1883లో కలకత్తాలో ఓడ ఎక్కి అమెరికా వచ్చింది. ఫిలడెల్ఫియాలోని పెన్సిల్వేనియా మహిళా వైద్య కళాశాలలో చదివి 1886 మార్చిలో పట్టా పుచ్చుకుంది. కొల్హాపూర్‌లోని ఆల్బర్ట్ ఎడ్వర్డ్ ఆస్పత్రిలో స్త్రీల వార్డును ఆమెకు అప్పగిస్తామన్నారు. కాని క్షయతోనే ఇండియాకు తిరిగి వచ్చి, 1887 ఫిబ్రవరి 26న, ఇరవై రెండేళ్ళు నిండకుండానే మరణించింది. ఇక్కడి వారాంతపు తెలుగు తరగతిలో ఈ కథ చెప్పినప్పుడు పదేళ్ళ పిల్ల ఒకతె, "ఆవిడ ఎంతమందికి మందిచ్చిందండీ?" అని అడిగింది. చాలా న్యాయమైన ప్రశ్న. ఆ వార్డులో అడుగుపెట్టే అవకాశమే ఆనందీబాయికి రాలేదు. మన వ్యాసాలేమో ఆమె వైద్యరంగానికి చేసిన సేవ చిరస్మరణీయమని వ్రాస్తూనే ఉన్నాయి. ఇది ఆమెను గౌరవించడం కాదు, చదవకపోవడం.

ఆమె విలువ మరొకచోట ఉంది. ఆమె చాలా చక్కగా వ్రాసింది. 1883లో శ్రీరాంపూర్ కళాశాల సభలో ఇంగ్లీషులో చేసిన ప్రసంగంలో, అమెరికా ఎందుకు వెళ్ళాలి, ఇక్కడే ఎందుకు చదవకూడదు, ఒంటరిగా ఎలా వెళతావు అని జనం అడిగిన ప్రశ్నలను తనే ఒక్కొక్కటిగా పైకి చెప్పి, ఒక్కొక్కదానికీ జవాబిచ్చింది. పద్దెనిమిదేళ్ళైనా నిండని పిల్లకు అంతటి తర్కం అరుదు. ఆమె ఉత్తరాలు అంతకంటే గొప్పవి. బోస్టన్‌లో కరోలిన్ హీలీ డాల్ అనే రచయిత్రి 1888లో, అంటే ఆనందీబాయి పోయిన మరుసటి ఏడే, ఆమె జీవితచరిత్ర అచ్చువేయించింది. ఆ పుస్తకానికి ఇప్పటికీ విలువ ఉందంటే అందులో ఎత్తి వ్రాసిన ఉత్తరాల వల్లనే. డాల్‌గారి సొంత వాక్యాలలో మాత్రం ఆనందీబాయి మనిషిగా కంటే దేవతగానే ఎక్కువ కనబడుతుంది. మరాఠీలో ఎస్. జె. జోషి 1968లో వ్రాసిన 'ఆనందీ గోపాళ్' నవల చాలా పేరు పొందింది. 2019లో అదే పేరుతో సినిమా కూడా వచ్చింది. ఈ రెంటిలోను కథ భార్యాభర్తల మధ్య నడుస్తుంది. గోపాలరావు పట్టుదల, మొండితనం, కోపం, ప్రేమ చుట్టూ తిరుగుతుంది. అది నవలాకారుడి హక్కు, కాదనను. మన వ్యాసకర్తలు ఇంకొక మెట్టు దిగి గోపాలరావును ఆదర్శ భర్తను చేసి కూర్చోబెట్టారు. ఆనందీబాయి అమెరికా నుంచి భర్తకు వ్రాసిన ఒక ఉత్తరంలో, మీరు నన్ను చూసిన తీరు మంచిదా చెడ్డదా తేల్చడం కష్టం, రెండూ అనవలసి వస్తుంది అన్న అర్థంలో వ్రాసి, పదేళ్ళ వయసులో విరిగిన కట్టెలతో తిన్న దెబ్బలను, తన మీదికి విసిరిన కుర్చీలను, పుస్తకాలను పేరుపేరునా గుర్తుచేసింది. ఫిర్యాదుగా కాదు, లెక్క చెప్పినట్టుగా. ఆ ఉత్తరం చదివిన వారెవరూ 'ఆదర్శ దాంపత్యం' అనే మాటను తేలికగా వాడలేరు.

అదే 1886లో కలకత్తా మెడికల్ కాలేజీ నుంచి కాదంబినీ గంగూలీ బయటికి వచ్చింది. ఎనిమిదిమంది పిల్లల సంసారం మోసింది, 1893లో విలాయతు వెళ్ళి మరికొన్ని యోగ్యతలు సంపాదించింది, 1923లో చనిపోయేవరకు రోగులను చూస్తూనే ఉంది. మన సంచికలలో ఆమెకు దక్కేది రెండు వాక్యాలు. నిండు జీవితం కంటే విషాదాంతం వ్యాసానికి అందంగా అమరుతుంది కాబోలు.

ఆనందీబాయి చదివిన కళాశాలను గురించి కొంచెం చెప్పాలి, తక్కిన సంగతులకు అదే కేంద్రం. 1850లో స్థాపించిన ఆ విద్యాలయం స్త్రీలకు వైద్యం నేర్పడానికే పుట్టింది. 1885లో అక్కడ తీసిన ఫోటో ఒకటి అందరూ చూసే ఉంటారు: చీరలో ఆనందీబాయి, కిమోనోలో జపాను నుంచి వచ్చిన కేయి ఒకామి, సిరియా నుంచి వచ్చిన సబాత్ ఇస్లాంబూలీ. మంచి ఫోటోయే. అయితే ఆ కళాశాలకు తెలుగునాటితో ఉన్న సంబంధం ఆ ఫోటోలో కనబడదు. ఆనందీబాయి ఇండియా నుంచి బయలుదేరిన 1883లోనే, ఆ కళాశాలలో 1879లో పట్టా పొందిన అన్నా సారా కూగ్లర్ అమెరికా నుంచి బయలుదేరి గుంటూరు చేరింది. ఒకరు చదువు కోసం ఇటు వస్తుంటే మరొకరు చదువు తీసుకొని అటు వెళ్ళారు. తెలుగులో వ్రాసేవారికి ఇంతకంటే మంచి ఎత్తుగడ ఏం కావాలి? అయినా ఎవరూ వాడుకోరు.

కూగ్లర్‌ను పంపిన లూథరన్ మిషను మొదట ఆమెను డాక్టరుగా పంపలేదు. స్త్రీలకు, పిల్లలకు చదువు చెప్పడానికే పంపింది. వైద్యం పనికి అనుమతి 1885లో గాని రాలేదు. 1898లో స్త్రీలకు, పిల్లలకు ఆస్పత్రి తెరిచింది. గుంటూరు జిల్లావారు నేటికీ 'కూగ్లర్ ఆస్పత్రి' అనేది దానినే. 1930లో ఆమె చనిపోయింది కూడా గుంటూరులోనే. మొత్తం మీద నలభై ఏడేళ్ళ లెక్క. ఆస్పత్రి కథను ఆమే ఒక పుస్తకంగా వ్రాసింది, అది 1928లో వెలువడింది. చందాలిచ్చిన అమెరికా చర్చి స్త్రీలకోసం వ్రాసినది కనుక దానిని ఆ దృష్టితోనే చదవాలి. మతప్రచారం మాటేమిటని అడిగేవారుంటారు. అది ఆమె పనిలో భాగమే, దాచవలసిన పని లేదు. ఒక జీవితచరిత్రలో వైద్యం, మతం రెండూ ఉంటే రెండూ వ్రాయాలి. ఒకటి నచ్చలేదని మనిషినే వదిలేయడం విమర్శ అనిపించుకోదు.

హైదరాబాదుకు వస్తే రూపాబాయి ఫర్దూన్జీ. పార్శీ వనిత. 1885లో హైదరాబాదు మెడికల్ స్కూలులో చేరి, 1889లో చదువు పూర్తిచేసింది. ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు డాక్టరు ఆమెయే అంటారు. ఆ బిరుదు అలా ఉంచి, ఆమె చేసిన పనిని చూద్దాం. ఆ రోజుల్లో క్లోరోఫారం ఇవ్వడమంటే ముక్కు మీద బట్ట కప్పి చుక్కచుక్కగా పోస్తూ రోగి ఊపిరిని కనిపెట్టి ఉండడం. చుక్క ఎక్కువైతే ప్రాణం పోతుంది, తక్కువైతే కత్తి కింద రోగి మేలుకుంటాడు. ఆ మందుతో ముందు ఆగేది ఊపిరా, గుండెయా అన్నది అప్పటి పెద్ద వివాదం. దానిని తేల్చడానికి నిజాం ఖర్చుతో, ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో 1888, 1889 సంవత్సరాలలో రెండు క్లోరోఫారం సంఘాలు పనిచేశాయి. ముందు ఊపిరే ఆగుతుంది కనుక ఊపిరిని కనిపెట్టి ఉంటే భయం లేదని తేల్చాయి. గుండె కూడా హఠాత్తుగా ఆగిపోగలదని తరువాతి పరిశోధనలు చూపించాయి గనుక ఆ తీర్పు పూర్తిగా నిలవలేదు. కాని ఆ తీర్పులు ఇచ్చే పెద్దలు ఒక వైపు ఉంటే, రోజూ ఆ సీసా చేతపట్టుకొని రోగి తల దగ్గర నిలబడే మనిషి ఇంకొక వైపు ఉంటుంది. రూపాబాయి ఆ రెండో మనిషి. 1909లో ఎడిన్‌బరో వెళ్ళి మరికొంత చదివి వచ్చి, హైదరాబాదు ఆస్పత్రులలో 1920 వరకు ఆ పనే చేసింది. వ్యాసంలో వ్రాయవలసింది ఆ సీసాను గురించి.

తెలుగువారిలో డాక్టరు కొమర్రాజు అచ్చమాంబగారిని (1906–1964) చెప్పకపోతే ఈ మాటలు పూర్తికావు. ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం తలపెట్టిన కొమర్రాజు లక్ష్మణరావుగారి కుమార్తె. లక్ష్మణరావుగారి అక్కగారే పైన చెప్పిన భండారు అచ్చమాంబ. ఆమె పోయిన తరువాత పుట్టిన మేనకోడలికి ఆ పేరు పెట్టారు. అంటే స్త్రీల సచ్చరిత్రలు వ్రాసిన అత్తగారి పేరుతో డాక్టరొకామె పెరిగింది. మద్రాసు మెడికల్ కాలేజీలో చదివింది. (ఆ కాలేజీ మేరీ షార్లీబ్‌తో కలిపి నలుగురు స్త్రీలను 1875లోనే చేర్చుకుంది. ఆనాటికి ఇంగ్లండులో స్త్రీ డాక్టరు కావడం ఇంకా కష్టంగానే ఉండేది.) విజయవాడలో ప్రాక్టీసు పెట్టింది. రాజకీయాలలో మొదట కమ్యూనిస్టులతో పనిచేసి, తరువాత 1957లో కాంగ్రెసు పక్షాన విజయవాడనుంచి లోక్‌సభకు ఎన్నికయింది. మన వ్యాసాలలో ఈ చివరి సంగతే పెద్ద అక్షరాలలో ఉంటుంది. నాకు మాత్రం ఆమె వ్రాసిన 'ప్రసూతి – శిశుపోషణ' అన్న పుస్తకం ముఖ్యం. రోగి మాట్లాడే భాషలో వైద్యం వ్రాయడం పట్టా కంటే కష్టమైన పని. నేను తెలుగు నేర్చుకున్నది సాయంకాలపు తరగతులలో, నలుగురికి ఒక పుస్తకం చొప్పున పెట్టుకొని. అందుచేత నాకీ సంగతి బాగా తెలుసు: గర్భసంచి, మాయ, పురిటి నొప్పులు, చనుబాలు అన్న మాటలు మా వాచకాలలో ఎక్కడా లేవు. పద్యాలు ఉండేవి, నీతికథలు ఉండేవి. ఇంట్లో మా అమ్మ ఈ మాటలను క్రియోల్‌లోనే అనేది. కానుపు చేసే ఆమెను 'ఫామ్‌సాజ్' అనేది గాని 'మంత్రసాని' అన్న మాట నేను పుస్తకంలో చదివి నేర్చుకున్నాను. భాష ఇంట్లోనుంచి పోయేటప్పుడు ముందు పోయేవి ఇలాంటి మాటలే.

మంత్రసాని మాట వచ్చింది కనుక మనవారి సంగతి ఒకటి. కోరంగి రేవునుంచి వచ్చారని మనవాళ్ళను కోరంగివాళ్ళని పిలిచేవారు. మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో భద్రపరచిన వలస దస్తరాలలో ఒక్కొక్కరి పేరు, వయసు, ఎత్తు, స్వగ్రామం వ్రాసి ఉంటాయి. తోటల యజమానులకు కావలసింది పనిచేసే శరీరం కనుక శరీరాన్నే కొలిచి వ్రాశారు. ఆ చెరకు తోటలలో మన తాతమ్మల కానుపులు చేసిన చేతులను ఎవరూ నమోదు చేయలేదు. వారికి పట్టా లేదు కనుక వారు 'మొట్టమొదటి' ఏదీ కారు. పట్టాతో మొదలై పట్టాతో ముగిసే సచ్చరిత్రలో వారికి చోటు దొరకదు.

ఇక ఈ ఊరికి దగ్గరి సంగతి. అల్ఫారెట్టా ఒకప్పుడు మిల్టన్ అనే చిన్న కౌంటీకి ముఖ్యపట్టణం. 1932లో ఆ కౌంటీని పక్కనున్న ఫుల్టన్ కౌంటీలో కలిపేశారు. అట్లాంటా నగరమూ ఫుల్టన్‌లోనిదే. ఇప్పుడు కంప్యూటరు కంపెనీలు, పెద్దపెద్ద ఇళ్ళు ఉన్న ఈ నేల ఒకనాడు పత్తి పండిన నేల. ఆ ఫుల్టన్ కౌంటీలోనే, 1890ల చివర, ఎలైజా ఆన్ గ్రయర్ అనే నల్లజాతి స్త్రీ వైద్యం చేయడానికి లైసెన్సు పుచ్చుకుంది. జార్జియా రాష్ట్రంలో అలా లైసెన్సు పొందిన నల్లజాతి స్త్రీలలో ఆమె మొదటిది. చూశారా, నేను కూడా ఆ మాట వాడకుండా ఉండలేకపోయాను.

ఆమె 1864లో నార్త్ కరోలినాలో బానిసగా పుట్టింది. విముక్తి వచ్చాక నాష్‌విల్‌లోని ఫిస్క్ విశ్వవిద్యాలయంలో టీచరు కావడానికి చదివింది. 1890లో ఫిలడెల్ఫియాలోని ఆ మహిళా వైద్య కళాశాలకే, కూగ్లరూ ఆనందీబాయీ చదివిన చోటికే, ఒక ఉత్తరం వ్రాసింది. ఆ ఉత్తరాన్ని నేను పదేపదే చదివాను. అందులో అలంకారం లేదు. నా దగ్గర డబ్బు లేదు, పనిచేసి సంపాదించుకోవడం తప్ప వేరే దారి లేదు, మొత్తం చదువుకు ఎంతవుతుంది, విముక్తి పొందిన బానిస ఒకతె ఇంత ఎత్తయిన వృత్తిలోకి రావడానికి సహాయమేమైనా దొరుకుతుందా, అన్నది సారాంశం. ఆనందీబాయి ప్రసంగం ఎందుకు వెళ్ళాలో చెబుతుంది, గ్రయర్ ఉత్తరం ఎంతవుతుందో అడుగుతుంది. రెండూ ధైర్యంగా వ్రాసినవే. అయితే తోటలనుంచి వచ్చిన వారి మనవలమైన మనకు రెండో ప్రశ్న ఎక్కువ పరిచయం.

1893లో ఆ కళాశాలలో చేరింది. ఒక ఏడు చదవడం, ఒక ఏడు పత్తిచేనుకు వెళ్ళి పత్తి ఏరి ఆ కూలితో మరుసటి ఏడు చదవడం – ఇలా సాగించి 1897లో పట్టా పుచ్చుకుంది. ఈ ఒక్క వాక్యాన్ని కొంచెం నెమ్మదిగా చదవాలి. కాయ విచ్చిన తరువాత దాని అంచులు ముళ్ళలా ఉంటాయి, ఏరే వేళ్ళు కోసుకుపోతాయి. ఆ వేళ్ళతోనే ఆమె మరుసటి ఏడు శవచ్ఛేదం గదిలో కత్తి పట్టింది. తల్లిదండ్రుల తరం బానిసలుగా చేసిన పనినే ఆమె చదువుకు రుసుముగా చేసింది.

1898లో ఒక వైద్య పత్రిక ఆమె చెప్పిన మాటలను ప్రచురించింది. కానుపుల దగ్గర కష్టమంతా నల్లజాతి ఆడవాళ్ళు చేస్తుంటే, ఊరికే చూస్తూ నిలబడిన తెల్ల డాక్టరు రుసుము పట్టుకుపోవడం చూశానని, ఆ రుసుము నాకే ఎందుకు రాకూడదని అనుకున్నానని ఆమె చెప్పింది. నాకు తెలిసినంతలో తొలి వైద్యురాళ్ళ మాటలలో ఇంత నిజాయితీ గలది మరొకటి లేదు. మన సచ్చరిత్రకారుల చేతిలో ఈ మాట పడితే ఏమవుతుందో ఊహించగలను. 'రుసుము' పోయి 'సేవ' వస్తుంది. మన వ్యాసాలలో వైద్యురాళ్ళందరూ సేవ చేస్తారు, ఒక్కరూ డబ్బు తీసుకోరు. మగ డాక్టరును గురించి వ్రాసేటప్పుడు ఆయన ప్రాక్టీసు ఎంత పెద్దదో, ఎన్ని మేడలు కట్టాడో వ్రాస్తాము. గ్రయర్ అడిగింది న్యాయమైన కూలి. చెరకు నరికినవారి సంతతి చదివే ఈ పత్రికలో ఆ మాటను మార్చకుండా అచ్చువేయాలి.

ఆమె అట్లాంటాలోను, తరువాత సౌత్ కరోలినాలోని గ్రీన్‌విల్‌లోను ప్రాక్టీసు చేసింది. స్త్రీల వైద్యం, కానుపులు ఆమె పని. రోగులు బీదవారు. రుసుము వస్తుందనుకున్నది చాలావరకు రాలేదు. 1901లో ఇన్‌ఫ్లుయెంజాతో ఆరు వారాలు మంచాన పడింది. డాక్టరు మంచాన పడితే రాబడి ఆగిపోతుంది. అప్పుడు స్త్రీల ఓటుహక్కు కోసం పోరాడుతున్న సూసన్ బి. ఆంథొనీకి సహాయం కోరుతూ ఉత్తరం వ్రాసింది. ఆంథొనీ డబ్బు ఇవ్వలేకపోయింది, ఆ ఉత్తరాన్ని ఫిలడెల్ఫియాలోని కళాశాలకు పంపింది. 1902లో గ్రయర్ చనిపోయింది. పట్టా పుచ్చుకొని అప్పటికి అయిదేళ్ళు.

1890 నాటి ఉత్తరం ఆ కళాశాలకే చేరింది, 1901 నాటి ఉత్తరం కూడా చివరికి అక్కడికే చేరింది. రెండూ డబ్బు అడిగినవే, మధ్యలో ఒక పట్టా ఉంది. తెలుగులో ఆమె చరిత్ర వ్రాయబూనిన వారు ముందు ఆ రెండు ఉత్తరాలను పక్కపక్కన అనువదించి వేయవలసిందని, 'మొట్టమొదటి' అన్న విశేషణాన్ని ఆ తరువాత ఎక్కడ పెట్టాలో చూసుకోవలసిందని నా మనవి.